గెడ మీద పెళ్లికొడుకు

ఒక్క మాట కోసమండీ. ఒకే ఒక్క మాట కోసం పొద్దున్నించీ ఈవిడ పైన గదిలో తలుపేసుకుని కూర్చుంది. మీరే చెప్పండి మేయరమ్మగారూ, యాభయ్యో పెళ్లిరోజున ఎక్కడైనా విన్నారా ఈ విడ్డూరం?

కూర్చోండి, కూర్చోండి. ఆ పూలు ఇలా ఇవ్వండి, నీళ్లలో పెడతాను. ఆ కుర్చీ మాత్రం వద్దు, అది మా తమ్ముడు ఏల్కెది. మధ్యాహ్నం వస్తాడు. ఏటా ఈ రోజున కోటుకి పువ్వు గుచ్చుకుని మరీ వస్తాడు, పెళ్లికొడుకు తనే అన్నట్టు. ఒక విధంగా తనేనండి. అదే కదా గొడవంతా.

వాకిట్లో తోరణం చూశారా? ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా వారాల తరబడి కూర్చుని చుట్టారు ఆ కాగితం గులాబీలు. ఫ్రీస్‌లాండ్ జిల్లా మొత్తంలో ఇంత పెద్ద తోరణం ఇంతవరకూ ఎవరి గుమ్మానికీ కట్టలేదు, ఇది నా మాట కాదు, పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చి చూసిపోయినవాళ్ల మాట. పెళ్లికూతురు మాత్రం దాని కింద నిలబడదట.

ఏం కావాలట అంటారా? నిన్న పేపరువాళ్లు ఫోను చేశారు. ఫొటో తీస్తాం, కింద నాలుగు ముక్కలు రాస్తాం, ఆ రోజు పెళ్లి ప్రమాణంలో ముందుగా 'అవును' అన్నది మీరా ఆయనా అని మా ఆవిణ్ణి, హిస్కేని అడిగారు. ఈవిడ నవ్వింది. ఫోను పెట్టేసింది. పెట్టేసి నా వంక అదోలా చూసింది.

"సీబ్రెన్, నువ్వు నాతో ఆ మాట ఎప్పుడన్నావు?" అంది.

"అదేమిటే, ఇన్నేళ్లు కాపురం చేసి ఇప్పుడా అడగడం?" అన్నాను.

"కాపురం సంగతి కాదు. ఆ మాట. నేనన్నాను, ఏల్కె అన్నాడు. నువ్వెప్పుడన్నావు? నేను నీ పెళ్లాన్నా, మీ తమ్ముడి పెళ్లాన్నా? రేపు మేయరమ్మ ముందు నా మొహం చూసి అను. అంటేనే మెట్లు దిగుతాను. లేకపోతే ఆవిడ పూలు ఆవిడే పట్టుకుపోతుంది."

అదండీ వరస. నవ్వొస్తోందా? నవ్వండి, పరవాలేదు. నేనూ నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

మీ ఈడు వాళ్లకి తెలుసో లేదో, మా రోజుల్లో దాన్ని చేతితొడుగు పెళ్లి అనేవాళ్లం. పెళ్లికొడుకు సముద్రానికి అవతల సైన్యంలో ఉంటాడు. పెళ్లికూతురు ఇక్కడ. వాడి బదులు ఇంకొకడు టౌన్‌హాల్లో ఆమె పక్కన నిలబడి ఆ మాట అనేస్తాడు. అంటే పెళ్లయిపోయినట్టే. చట్టం ఒప్పుకుంటుంది, చర్చి ఒప్పుకుంటుంది. పెళ్లాం ఒక్కతే ఒప్పుకోదు, అదీ ముసలితనం వచ్చాక.

తొందరెందుకంటారా? ఇళ్లండీ, ఇళ్లు. యుద్ధం అయి జర్మన్లు పోయాక దేశంలో ఇళ్లెక్కడున్నాయి? పెళ్లయిన జంటకే ఇంటి కోసం వరసలో చోటు. నేను జావా నుంచి ఎప్పుడొస్తానో నన్ను పంపించినవాళ్లకే తెలియదు. "ఇప్పట్నుంచే నిలబడితే జుట్టు నెరిసేలోపు ఒక వంటిల్లయినా దొరుకుతుంది" అంది హిస్కే. ఎంత ముందుచూపో చూడండి. ఆ వంటింట్లోనే ఇప్పుడు మీ కాఫీ కాగుతోంది.

జావా ఎందుకెళ్లానంటారా? భలేవారే, నేను వెళ్లడమేమిటి, పంపించారు. ఆవులు పితుక్కునే వాణ్ణి. జర్మన్లు ఉన్నన్నాళ్లూ మా నాన్న గడ్డివాములో బొరియ తవ్వుకుని దాక్కున్నాను. వాళ్ల బూట్లు నా ముక్కు పక్కనుంచి పోయాయి, తుమ్ము వస్తే ముక్కు పళ్ల మధ్య పెట్టి కొరుక్కున్నాను. ఎలా అని అడక్కండి, కొరుక్కున్నాను. వాళ్లు పోయారు. హమ్మయ్య అనుకునేలోపు మనవాళ్లే పట్టుకుని ఇంగ్లీషు వాళ్ల పాత యూనిఫాం తొడిగి ఓడెక్కించారు. జావాలో మన పాలన మీద జనం తిరగబడ్డారు, వెళ్లి సర్దిచెప్పి రండి అన్నారు. వెళ్లనన్నవాళ్లని జైల్లో పెట్టారు. నాకు జైలు కన్నా ఓడ నయమనిపించింది.

ఓడలో వాంతి చేసుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. కెప్టెన్ కూడా చేసుకున్నాడు. బకెట్టు పట్టింది నేనే.

అక్కడ దిగాక మాకు అన్నంలోకి ఎర్రటి మిరపకాయ పచ్చడి పెట్టారు. మా పటాలం పటాలమంతా నోళ్లు తెరుచుకుని బావి దగ్గరికి పరుగెత్తింది. నేను రెండోసారి వేయించుకున్నాను. మాకు బట్టలుతికే తుకీనెం అనే ముసలమ్మ ఉండేది, నా మొహం చూసి, "ఈ తెల్లోడు మనవాడే, ఎవరో దొంగిలించి అక్కడ పడేశారు" అంది. కన్నీళ్లా? వచ్చాయి. అవి ఆనందబాష్పాలు.

గోడల నిండా రాతలు. 'మీ ఇంటికి మీరు పొండి' అని. మాకు అర్థం కావాలని ఇంగ్లీషులో రాసేవారు. నేను ప్రతి గోడ దగ్గరా నిలబడి సెల్యూట్ కొట్టేవాణ్ణి. ఆ రాసినవాడికీ నాకూ ఏ విషయంలో తేడా ఉంది చెప్పండి? వాడు పొమ్మంటున్నాడు, నేను పోతానంటున్నాను. మధ్యలో ఎవరో కుదరదంటున్నారు.

మా వీట్సే కూడా అదే అనేవాడు. వీట్సే అంటే నా పక్క మంచం వాడండీ, సముద్రపు ఒడ్డు వైపు ఊరు, పడవల్లో పెరిగినవాడు. వాళ్ల నాన్న జేబు గడియారం తెచ్చుకున్నాడు. దాన్ని జావా టైముకి మార్చనే లేదు. అడవిలో, చిమ్మచీకట్లో, దోమలు మమ్మల్ని లేవదీసుకుపోతుంటే వీడు గడియారం తీసి, "ఒరే సీబ్రెన్, ఇప్పుడు మీ ఇంట్లో పాలు పితుకుతున్నారు" అనేవాడు. "ఇప్పుడు మీ హిస్కే చర్చికి బయల్దేరింది. కొత్త టోపీ పెట్టుకుంది. పక్కవాడు చూస్తున్నాడు." వాణ్ణి ఎన్నిసార్లు కాలవలో తోశానో లెక్కలేదు.

పెళ్లి రోజు రానే వచ్చింది. టౌన్‌హాల్లో పొద్దుటి పూట ముహూర్తమైతే మాకు అది సాయంత్రం. మా గుడారాల దగ్గర ఏర్పాట్లు చూడాలి మీరు. డబ్బా మాంసం, డబ్బా పళ్లు, ఎక్కణ్ణించి కొట్టుకొచ్చారో ఒక తెల్లటి దుప్పటి. రెండు కుర్చీలు వేశారు, ఒకటి నాకు, ఒకటి హిస్కేకి. తుకీనెం మల్లెపూల దండ కట్టి తెచ్చి, "పిల్లేదీ?" అంది. పిల్ల రాదు, ఊళ్లో ఉంది, మా తమ్ముడితో పెళ్లవుతోంది అని చెప్పాను. ఆవిడ దండ పట్టుకుని నేల మీద కూలబడి నవ్వింది చూడండి. "మరి నువ్వెందుకు స్నానం చేశావు?" అంది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఆ ఖాళీ కుర్చీకే దండ వేసింది.

సరిగ్గా అప్పుడే గస్తీకి రమ్మన్నారు. పెళ్లిరోజయ్యా అంటే, పెళ్లి చేసుకునేది నీ తమ్ముడు కదా, నువ్వు పద అన్నాడు సార్జెంటు. నది దాటి అవతల ఊళ్లు చుట్టి వచ్చాం. వచ్చి చూస్తే వంతెన లేదు. మేం అటు వెళ్లగానే అవతలి పక్షం కుర్రాళ్లు వెదురు వంతెన కోసేసి నీళ్లలో వదిలేశారు. నదికి అటు మేం. ఇటు దుప్పటి, డబ్బాలు, దండేసిన కుర్చీ, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. తాళ్లు కట్టి దాటాలంటే చీకటిపడుతుంది.

వీట్సే గడియారం తీశాడు. "సీబ్రెన్, మీ వాళ్లు టౌన్‌హాలు మెట్లెక్కుతున్నారు."

నేనెవర్ని? చెప్పండి, నేనెవర్ని? ఫ్రీస్‌లాండ్ వాణ్ణి. తీతువు గుడ్ల కోసం గెడ పట్టుకుని కాలవ మీద కాలవ దూకుతూ పెరిగినవాణ్ణి. మా జిల్లాలో నా అంత దూరం దూకినవాడు నాకు ముందు లేడు, తరవాతా లేడు. వంతెన లేకపోతే మనకేం? గెడ ఉంటే చాలు. గెడకి జావాలో కొదవా? చుట్టూ వెదురే.

చర్చి గోపురమంత వెదురు ఒకటి నరికాను. మావాళ్లు పందాలు కాశారు. ఇవతలి ఒడ్డున వంటవాడు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నేను బూట్లు విప్పాను, తుపాకి వీట్సేకి ఇచ్చాను, దేవుడికి దండం పెట్టుకున్నాను, పరుగు తీశాను. మేయరమ్మగారూ, ఆ పరుగు మీరు చూసి ఉంటే ఈ పూలు నాకు ఒలింపిక్సులో ఇచ్చేవారు. గెడ పాతాను, ఎగిరాను, కోతిలా పైకి పాకాను.

ఇక్కడే మా ఊరివాడు తప్ప ఇంకెవడూ చెయ్యని పొరపాటు చేశాను. మా గెడకి అడుగున గుండ్రటి చెక్క ఉంటుంది కదా, కంచమంత, బురదలో దిగబడకుండా? పుట్టినప్పట్నుంచీ చెక్క ఉన్న గెడే చూసినవాడికి, చెక్క లేని గెడ ఉంటుందనే తోచదు. వెదురు బురదలోకి సర్రున దిగింది. దిగి, నది నట్టనడుమ నిటారుగా నిలబడిపోయింది. అటు వాలదు, ఇటు వాలదు. పైన జెండాలా నేను.

దిగితే మొలలోతు బురద. దిగకపోతే పెళ్లి గెడ మీదే. కాళ్లు మెలేసి పట్టుకుని వేలాడుతున్నాను. ఈ ఒడ్డున నవ్వు, ఆ ఒడ్డున నవ్వు. సార్జెంటు చెట్టుని కౌగిలించుకుని ఏడుస్తున్నాడు, నవ్వలేక. అప్పుడు వినపడిందండీ, మూడో వైపు నించి. పైన వంపు దగ్గర వెదురుపొదలోంచి. అక్కడ మావాళ్లెవరూ లేరు. వంతెన కోసినవాళ్లు, మేం ఏం చేస్తామో చూద్దామని అక్కడే కూర్చున్నారు. తుపాకి పట్టుకుని కూర్చున్నవాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు. పొట్ట పట్టుకుని నవ్వుతున్న నవ్వది, నాకు తెలియదా? ఆ యుద్ధం మొత్తంలో రెండు పక్షాల వాళ్లనీ ఒక్కసారి నవ్వించిన మగాడు నేనొక్కణ్ణే. దానికి పతకం ఇవ్వలేదు.

వీట్సే నీళ్లలోకి దిగాడు. రొమ్ము దాకా నీళ్లు, గడియారం తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని, నవ్వుతూ, తూలుతూ నా గెడ దగ్గరికి వచ్చాడు. "ఒరే పెళ్లికొడకా, టైమైంది. మీ తమ్ముడు లేచి నిలబడ్డాడు. అను, నువ్వూ అను. నేను సాక్షిని" అన్నాడు.

అంతే. గెడ పుటుక్కున విరిగింది, పెళ్లికొడుకు బురదలో పడ్డాడు, బురదలోంచి లేచి ఒడ్డెక్కి భోజనానికి కూర్చున్నాడు.

ఏటా ఈ రోజున ఈ కథ చెబుతాను. ఇక్కడ ఆపుతాను. ఏల్కె బల్ల మీద గుద్ది నవ్వుతాడు. హిస్కే రెండో కప్పు కాఫీ పోస్తుంది. ఉండండి, మీకూ పోస్తాను.

ఏమిటన్నారు?

ఆ మాట అన్నానా అనా, గెడ మీద?

చూశారా. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. గెడ ఎంత పొడుగు అని అడిగారు, మొసళ్లున్నాయా అని అడిగారు. ఉన్నాయని చెప్పాను, లేవనుకోండి. ఇది ఎవరూ అడగలేదు.

అనలేదండీ. అందామని నోరు తెరిచాను. నవ్వు ఆగలేదు. వాడు కింద నించి, "అనరా, అను" అంటున్నాడు. నేను పైనించి నోరు తెరిచి ఉన్నాను. తెరిచిన నోట్లోకి మాట వచ్చింది, పళ్ల దాకా వచ్చింది.

అప్పుడు కాల్చారు.

ఎవరా? ఎవరికి తెలుసు. ఆ పొదలో నవ్వనివాడు ఒకడున్నాడేమో. లేకపోతే మావాడే ఒకడు, పొదలో నవ్వు విని, అక్కడ మనుషులున్నారని అప్పుడు తెలిసి, భయపడి ముందు కాల్చాడేమో. రెండు వైపులా మొదలైంది. నేను గెడ మీద ఉన్నాను. నది మధ్యలో, అందరికన్నా ఎత్తులో, అందరికీ కనపడేలా ఉన్నాను. నాకు తగల్లేదు. వీట్సే నవ్వు మొహంతోనే నీళ్లలోకి వెళ్లాడు. గడియారం చెయ్యి చివర దాకా పైనే ఉంది.

తరవాత పొదలోకి వెళ్లి చూశాం. ముగ్గురు పడి ఉన్నారు. ముగ్గురి మధ్యా ఒకటే తుపాకి. ఒకడి నడుముకి వరి కోసే కొడవలి. వాళ్లేనండీ నవ్వింది.

వీట్సేని ఒడ్డుకి చేర్చాక తుకీనెం ఆ కుర్చీ మీది దండ తీసింది. ఎక్కడ వేసిందో మీకు చెప్పక్కర్లేదు.

మర్నాడు తంతి వచ్చింది. పెళ్లి దివ్యంగా జరిగింది, ఏల్కె తడబడకుండా చెప్పాడు, అందరూ డాన్సు చేశారు, ఇంటి వరసలో పేరెక్కింది. నా పేరు కింద హిస్కే పేరు.

వీట్సే ఎలా పోయాడని తరవాత తను రాసి అడిగింది. జ్వరం అని రాశాను. ఎప్పుడంటే, పై నెల అన్నాను. ఏం చెయ్యమంటారు? పెళ్లికూతురండీ. కొత్త టోపీ పెట్టుకుని డాన్సు చేసిన పిల్ల. ఆ రోజుని తీసుకెళ్లి నదిలో ముంచమంటారా? పై నెలలో ఒక తేదీ ఖాళీగా ఉంది, అక్కడ పెట్టాను వాణ్ణి. ఆ తేదీకి ఏటా ఈవిడ కొవ్వొత్తి వెలిగిస్తుంది, పాపం, వీట్సే కోసం. వాణ్ణి ఎప్పుడూ చూడను కూడా లేదు. నేను పక్కన నిలబడి చూస్తాను, తేదీ అదే అయినట్టు.

తిరిగొచ్చాక పాస్టరుగారు అన్నారు, రండి, చర్చిలో ఇద్దరూ నిలబడి ఇంకోసారి ఆ మాట అనుకోండి, ముచ్చటగా ఉంటుంది అని. చట్టప్రకారం అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు ఖర్చు అన్నాను. పిసినారి అని ఊరంతా నవ్వింది. హిస్కే కూడా నవ్వింది. అప్పుడు నవ్వింది కదా అని నేను అనుకున్నాను, అయిపోయిందని.

అర్థమైందా మేయరమ్మగారూ? ఆవిడ అడిగేది ఒక్క మాటే. ఇవ్వడానికి నాకేం అడ్డు? ఆవిడంటే నాకు ప్రాణం, అది ఈ వీధిలో కుక్కలకి కూడా తెలుసు. కాని నోరు తెరిస్తే ఆ మాట కన్నా ముందు వీట్సే వస్తాడు. వాడిని పక్కకి జరిపి మాట ఒక్కటే బయటికి తియ్యడం నాకు చేతకాదు. ఎన్ని కథలయినా చెప్పగలను. ఇది చేతకాదు.

ఒక పని చేస్తారా? మీకు అధికారం ఉంది కదా, మెడలో ఆ మేయరు గొలుసు కూడా ఉంది. మీరు పైకెళ్లి నా తరఫున ఆ మాట అనేసి రండి. ఒకసారి చెల్లింది, రెండోసారి చెల్లదా?

తల అడ్డంగా ఊపుతున్నారు. పోనీలెండి. ఊరికే అడిగాను.

ఆవిడకి చెప్పెయ్యమంటారు, అంతేగా. చెప్పడం ఎంతసేపు. చెబితే దిగి వస్తుందో, లేక ఇద్దరం అక్కడే కూర్చుండిపోతామో, అది తన ఇష్టం. ఇవాళ్టి నించి ఈ తేదీ మాత్రం ఆవిడకి కూడా పాడైపోతుంది. వచ్చే ఏడు తోరణం ఉండదు, కేకు ఉండదు.

ఆ చేతికర్ర ఇలా అందించండి. మెట్లు నిలువుగా ఉంటాయి.

కేకు కోసుకుని తినండి, నా కోసం చూడకండి. వచ్చే ఏడు కేకు లేకపోతే లేకపోయిందిలెండి. ఆ కేకు నాకు ఏ ఏడూ గొంతు దిగింది కనుక.